పాత లైట్‌వెయిట్ స్పోర్ట్స్ కారుకి ఏ ఇంజన్ వేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

రెండు సీట్లు, టన్ను లోపు బరువు, వెనక చక్రాల డ్రైవ్, ముప్పై ఏళ్ళ వయసు, ఇలాంటి కారు ఉన్నవాళ్ళందరూ ఏదో ఒకరోజు ఈ ప్రశ్న దగ్గరికే వస్తారు. పదే పదే అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా. మాజ్డా ఎంఎక్స్-5 ఉదాహరణలు ఎక్కువ ఉంటాయి, ఎందుకంటే నా చేతులకి ఎక్కువ మసి అంటింది వాటి దగ్గరే.

ఇంజన్ పోయింది, ఏది వేస్తే బాగుంటుంది?

అసలు పోయిందని ఎవరు చెప్పారు? పొగ రావడం, ఆయిల్ తాగడం, శబ్దం రావడం మూడూ ఒకటే రోగం అనుకుంటారు చాలామంది, కాదు. రాత్రంతా ఆగి ఉన్న బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వదిలి తర్వాత మామూలైపోతే అది సాధారణంగా వాల్వ్ సీల్స్, దానికి ఇంజన్ మార్చడం అంటే ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. లోడ్ మీద లాగుతున్నంతసేపూ నీలం పొగ వస్తుంటే అప్పుడు పిస్టన్ రింగుల మీద అనుమానపడాలి.

ముందు గేజ్ పెట్టి కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూడండి. ఇంజన్ వేడిగా ఉండాలి, ప్లగ్గులన్నీ తీసేయాలి, త్రాటిల్ పూర్తిగా తొక్కి పట్టాలి, ప్రతి సిలిండర్‌కీ అన్నే తిప్పులు తిప్పాలి. ఒక సిలిండర్ మిగతావాటి కన్నా బాగా తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ చూడండి, రీడింగ్ పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులో గాస్కెట్టో. ఇంకా తేల్చుకోవాలంటే లీక్‌డౌన్ టెస్ట్ చేస్తే సరి, సిలిండర్‌లోకి గాలి పంపి చెవి పెట్టి వినడమే, ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, త్రాటిల్ దగ్గరైతే ఇన్‌టేక్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గాస్కెట్.

నేనోసారి కింద నుంచి టక్ టక్ అంటుంటే బేరింగ్ పోయిందని ఫిక్సైపోయి ఇంజన్ దింపేశా. దింపి బెంచ్ మీద పెట్టాక చూస్తే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ ఒక మూల కాలిపోయి ఉంది, నల్లటి మచ్చతో సహా. మూడు వారాంతాలు పోయాయి. ఎంఎక్స్-5 మొదటి 1.6 ఇంజన్లలో హైడ్రాలిక్ ట్యాపెట్లు కూడా చల్లగా ఉన్నప్పుడు టకటకమంటాయి, అది విని కంగారు పడొద్దు. ఆయిల్ ఫిల్టర్ కోసి మడతల్లో లోహపు తళుకులు కనిపిస్తే అప్పుడు భయపడండి.

సరే, నిజంగానే పోయింది. రీబిల్డా, అదే ఇంజన్ ఇంకోటా, వేరే ఇంజనా?

కారు నడపాలని ఉంటే అదే ఇంజన్ ఇంకోటి. ఆ కారుని ఇరవై ఏళ్ళు ఉంచుకోవాలని ఉంటే రీబిల్డ్. షెడ్డులో పని చేయడమే ఇష్టం, కారు ఎప్పుడు కదిలితే ఏంటి అనుకునేవాళ్ళకి వేరే ఇంజన్. వెటకారం కాదండీ, నేను మూడోరకం మనిషినే, కాకపోతే ఆ సంగతి ముందే ఒప్పుకుని దిగాలి. వేరే ఇంజన్‌లో అన్నిటికన్నా చవకగా వచ్చేది ఆ ఇంజనే, దాని చుట్టూ ఉండేవే అసలు ఖర్చు. మౌంట్లు, సంప్ (ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి), గేర్‌బాక్స్‌కి అతికించే ప్లేటు, డ్రైవ్‌షాఫ్ట్, రేడియేటర్, ఎగ్జాస్ట్, వైరింగ్, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), అన్నీ కలిపి తడిసి మోపెడవుతాయి. సగం విప్పి అమ్మకానికి పెట్టిన కార్లు చూస్తుంటాం కదా, వాటిలో చాలావాటికి ఇంజన్ దొరకని సమస్య కాదు, ఇంజన్ వచ్చి పక్కనే కూర్చుని ఉంటుంది.

సెకండ్ హ్యాండ్‌లో అదే ఇంజన్ కొనేటప్పుడు ఏం చూడాలి?

నడుస్తున్న కారులోనే ఉండగా విని కొనగలిగితే అంతకన్నా అదృష్టం లేదు. నేల మీద పడున్నదైతే ముందు ప్లగ్గులు ఉన్నాయా చూడండి, ప్లగ్గుల్లేకుండా బయట వానలో పడున్న ఇంజన్ ఎంత తక్కువకిచ్చినా వద్దు. క్రాంక్ బోల్టుకి స్పానర్ వేసి చేత్తో రెండు రౌండ్లు తిప్పండి, ఎక్కడా పట్టేయకూడదు. ఆయిల్ మూత తీస్తే లోపల మీగడలా తెల్లగా ఉంటే నీళ్ళు కలిశాయేమోనని అనుమానించాలి, చల్లటి వాతావరణంలో తక్కువ దూరాలే తిరిగిన బండికి అది కొంచెం ఉండొచ్చు గానీ డిప్‌స్టిక్ మీద కూడా ఉంటే మాత్రం వదిలేయండి. మూతలోంచి వాల్వులు తెరిచే క్యామ్ కనిపిస్తుంది, తేనె రంగు పర్లేదు, నల్లటి జిగురు పేరుకుని ఉంటే ఆ ఓనర్ ఆయిల్ మార్చిన పాపాన పోలేదని అర్థం.

ఇక ప్రతి ఇంజన్‌కీ దానికంటూ ఒక రోగం ఉంటుంది, కొనేముందు అది తెలుసుకోవాలి. దగ్గరగా చూపిస్తా. ఎంఎక్స్-5 1989లో వచ్చింది, మొదటి రెండేళ్ళలో వచ్చిన 1.6 ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్ ముందు కొన పొట్టిగా ఉంటుంది. టైమింగ్ బెల్ట్ మార్చినప్పుడు ఆ పుల్లీ బోల్ట్ సరిగ్గా బిగించకపోతే పుల్లీ కొద్దిగా ఊగడం మొదలెడుతుంది, ఊగి ఊగి కీ (పుల్లీ జారకుండా పట్టే చిన్న లోహపు ముక్క) కూర్చునే గాడిని తినేస్తుంది, గాడి వెడల్పయ్యేకొద్దీ క్యామ్ టైమింగ్ జారిపోతుంది, బండి పవర్ తగ్గినట్టు అనిపిస్తుంది గానీ ఎక్కడ తగ్గిందో ఎవరికీ అంతుపట్టదు. ఇంజన్ విప్పకుండానే దీన్ని గుర్తుపట్టొచ్చు. ముందు వైపు కింద క్రాంక్ పుల్లీ మధ్యలో బోల్ట్ చుట్టూ ఉన్న గాళ్ళు లెక్కపెట్టండి. నాలుగుంటే పొట్టి కొన, ఎనిమిదుంటే పొడుగు కొన, తర్వాత వచ్చిన మంచి రకం. టార్చిలైటు, చిన్న అద్దం ఉంటే అర నిమిషం పని. ఇంజన్ స్టార్ట్ చేసే వీలుంటే ఐడిల్‌లో ఆ పుల్లీ అంచునే చూస్తూ ఉండండి, వంకరగా తిరుగుతోందంటే అమ్మేవాడు ఎంత తియ్యగా మాట్లాడినా అక్కడినుంచి వచ్చేయండి.

కొన్నాక, ఇంజన్ బయట ఉన్నప్పుడే వెనక క్రాంక్ సీల్, వాటర్ పంప్, టైమింగ్ బెల్ట్, క్లచ్ అన్నీ మార్చేయండి. "బాగానే ఉన్నాయి కదా" అని వదిలేస్తే సరిగ్గా నెలకి ఆ సీలే కారుతుంది, మళ్ళీ గేర్‌బాక్స్ దించాలి.

అదే ఫ్యామిలీలో పెద్ద ఇంజన్ వేస్తే?

నన్నడిగితే సగం మందికి ఇదే సరైన సమాధానం, కానీ చెప్పుకోడానికి గొప్పగా ఉండదు కాబట్టి ఎవరూ వినరు. 1.6 ఎంఎక్స్-5లో తర్వాత వచ్చిన 1.8 పెద్దగా ఏడిపించకుండా కూర్చుంటుంది. 1.6 దాదాపు 116 హార్స్‌పవర్, మొదటి 1.8 సుమారు 128, 1999 తర్వాతది 140 చుట్టుపక్కల. కాగితం మీద చిన్న తేడానే, నడిపితే మధ్య ఆర్‌పీఎంలో బాగా తెలుస్తుంది. క్లచ్ 200 మిల్లీమీటర్ల బదులు 215 ఉంటుంది, ఫ్లైవీల్‌తో కలిపి తీసుకోండి. ఈసీయూ, ఎయిర్‌ఫ్లో మీటర్, ఇంజెక్టర్లు ఒక సెట్టుగా ఆలోచించాలి, తలా ఒకచోటి నుంచి తెస్తే తంటా. 1.6 కార్ల డిఫరెన్షియల్ చిన్నది, 1.8 కార్లది పెద్దది, బలమైనది, పవర్ ఇంకా పెంచే ఆలోచనుంటే అది కూడా ఇంజన్ ఇచ్చిన ఆ డోనర్ కారు నుంచే లాగేయండి.

టొయోటా ఎంఆర్2 స్పైడర్‌దీ ఇదే కథ. అందులో వచ్చే 1జెడ్‌జెడ్ ఇంజన్ మొదటి ఏళ్ళవి ఆయిల్ తాగుతాయని పేరు, మానిఫోల్డ్‌లో ఉండే చిన్న క్యాటలిస్టులు పొడైపోయి ఆ ముక్కలు ఇంజన్‌లోకి చేరడం ఇంకో గోల. చాలామంది అదే కుటుంబంలోని 2జెడ్‌జెడ్ వేస్తారు, 6200 ఆర్‌పీఎం దగ్గర క్యామ్ మారి ఒక్కసారి కేక పెట్టి లాగుతుంది, ఆ కేక కోసమే వేసేవాళ్ళున్నారు.

బరువు గురించి అంత గోల ఎందుకు, పవర్ పెరిగితే బరువు కవర్ అయిపోదా?

నేరుగా పోయేటప్పుడు అయిపోతుంది. మలుపులో అవ్వదు. ఈ కార్లు కొనేదే మలుపుల కోసం.

ఇది నేను చెప్పడం ఎందుకు, ఒక కంపెనీయే రెండుసార్లు చేసి చూపించింది. ఎంజీబీ అని 1962లో వచ్చిన బ్రిటిష్ రోడ్‌స్టర్, అందులో 1798 సీసీ నాలుగు సిలిండర్ల ఇనుప ఇంజన్. పవర్ చాలట్లేదని 1967లో అదే బాడీలో 2912 సీసీ ఆరు సిలిండర్ల ఇంజన్ పెట్టి ఎంజీసీ అన్నారు. అది కూడా ఇనుమే, పొడుగు, బరువు. పట్టక బోనెట్ మీద బుడిపె పెట్టారు, ముందు సస్పెన్షన్ క్రాస్‌మెంబర్ అడ్డొస్తే దాన్ని పీకి టార్షన్ బార్లు (స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీలు) వేశారు. ఇంతా చేస్తే కారు ముక్కు బరువెక్కి మలుపులో తిరగనని మొరాయిస్తోందని టెస్ట్ చేసినవాళ్ళు తిట్టిపోశారు, 1969కల్లా దుకాణం సర్దేశారు. తర్వాత 1973లో అదే ఎంజీబీలో రోవర్ 3528 సీసీ వీ8 పెట్టారు. ఎనిమిది సిలిండర్లు, సైజు దాదాపు రెట్టింపు, అయినా అది అల్యూమినియం ఇంజన్ కావడంతో బరువు పాత నాలుగు సిలిండర్ల ఇనుప ఇంజన్‌కి అటూ ఇటూగానే ఉంది, పైగా పొట్టిది కాబట్టి వెనక్కి కూర్చుంది. కారు కారులాగే తిరిగింది. సిలిండర్లెన్ని అని కాదు చూడాల్సింది, ఎన్ని కిలోలు, ఆ కిలోలు ముందు ఇరుసుకి ఎటువైపు ఉన్నాయి అని.

కాబట్టి ఇంజన్ కొనేముందు బరువు అడగండి. నెట్‌లో దొరికే అంకెల్లో ఒకరు ఆల్టర్నేటర్ కలిపి చెప్తారు, ఒకరు ఫ్లైవీల్ తీసేసి చెప్తారు, వీలైతే మీరే తూకం వేయించండి. పాతది కూడా అదే కాటా మీద, అవే సామాన్లతో.

హోండా కే సిరీస్ అంటే ఎందుకంత మోజు?

మోజుకి కారణం ఉంది. కే24 అంటే 2354 సీసీ, అల్యూమినియం బ్లాక్, టైమింగ్‌కి బెల్ట్ కాదు చైను, కొన్ని రకాలు కంపెనీ నుంచే 200 హార్స్‌పవర్‌తో వచ్చాయి. తొమ్మిది వందల యాభై కిలోల కారులో 116 ఉన్నచోట 200 పెడితే, ముక్కు బరువు పెరక్కుండా, చెప్పేదేముంది.

తిరిగే దిశ ఇంకో కారణం. పుల్లీ వైపు నుంచి చూస్తే ఎక్కువ ఇంజన్లు గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి. హోండా పాత బి సిరీస్, హెచ్ సిరీస్ ఉల్టా తిరుగుతాయి. అవి తెచ్చి మామూలు వెనక డ్రైవ్ గేర్‌బాక్స్‌కి తగిలిస్తే మీకు ఐదు రివర్స్ గేర్లు, ఒక ముందు గేరు. కే సిరీస్‌కి వచ్చేసరికి హోండా కూడా అందరిలాగే తిప్పింది, అప్పటినుంచి ఈ ఇంజన్ కనిపించిన ప్రతి కారులోకి దూరుతోంది.

ఇబ్బందులు కూడా వినండి. ఇది అడ్డంగా పెట్టడానికి పుట్టిన ఇంజన్, నిలువుగా పెట్టాలంటే సంప్ మార్చాలి, సబ్‌ఫ్రేమ్ మార్చడమో కోయడమో చేయాలి, గేర్‌బాక్స్‌కి అడాప్టర్ కావాలి. కే24 బ్లాక్ అదే సిరీస్‌లో చిన్నదైన కే20 కన్నా 19.5 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ, ఆ రెండు సెంటీమీటర్లే బోనెట్ కింద కొంప ముంచుతాయి. రెడీమేడ్ కిట్ దొరికే కారైతేనే దిగండి, దొరక్కపోతే ఆ కిట్ డిజైన్ చేసేది మీరే అవుతారు.

వీ8 వేయాలని ఉంది...

అందరికీ ఉంటుంది. 1962లో కారల్ షెల్బీ ఏసీ ఏస్ అనే బుజ్జి బ్రిటిష్ కారులో ఫోర్డ్ వీ8 పెట్టి కోబ్రా చేసినప్పటినుంచీ ఉంది ఆ జబ్బు. 1964లో సన్‌బీమ్ ఆల్పైన్‌లో అదే 4.2 లీటర్ల ఫోర్డ్ ఇంజన్ పెట్టి టైగర్ అని అమ్మారు. అది ఎంత ఇరుగ్గా పట్టిందంటే ఫ్యాక్టరీలోనే, పెయింట్ కూడా వేసిన బాడీ మీద, ఫైర్‌వాల్‌ని (ఇంజన్‌కీ మనుషులు కూర్చునే చోటుకీ మధ్య ఉండే గోడని) సమ్మెటతో కొట్టి లోపలికి నొక్కి జాగా చేసేవాళ్ళు. వెనక మూలన ఉన్న ఒక స్పార్క్ ప్లగ్ మార్చాలంటే బోనెట్ వైపు నుంచి చెయ్యి దూరదు, కారు లోపల కూర్చుని ఫైర్‌వాల్‌లో రబ్బరు బిరడా పీకి ఆ కన్నంలోంచి విప్పాలి. కంపెనీ పరిస్థితే అది, ఇంక మన షెడ్డు సంగతి ఊహించుకోండి.

అసలు చిక్కు జాగా కాదు, టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం. 1.6 ఎంఎక్స్-5లో మొదటి గేరు 3.136, డిఫరెన్షియల్ 4.3, రెండూ గుణిస్తే దాదాపు 13.5. ఇంజన్ ఇచ్చే 136 న్యూటన్ మీటర్లు వెనక ఇరుసు దగ్గరికి వచ్చేసరికి సుమారు 1830 అవుతాయి, ఆ చిన్న డిఫరెన్షియల్ దానికే అలవాటు. జనరల్ మోటార్స్ వారి మొదటి ఎల్ఎస్1 వీ8 దాదాపు 475 ఇస్తుంది, అదే గేర్లతో లెక్కేస్తే 6400. కాబట్టి వీ8 వేయడమంటే గేర్‌బాక్స్, డ్రైవ్‌షాఫ్ట్, డిఫరెన్షియల్, ఇరుసులు, బ్రేకులు, రేడియేటర్ అన్నీ వేయడమే, పాత కారులో మిగిలేది బాడీ, సీట్లు. అన్నీ చేసి అల్యూమినియం బ్లాక్ వేసినవాళ్ళ కార్లు అద్భుతంగా ఉంటాయి, కాదనను. సగం చేసి రోడ్డెక్కినవి కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు తయారవుతాయి.

ఇంజన్ మార్చకుండా టర్బో పెడితే సరిపోదా?

ఇంజన్ ఆరోగ్యంగా ఉంటే సరిపోతుంది. అరిగిపోయిన ఇంజన్‌కి టర్బో పెట్టడం మాత్రం వద్దు, మూడు నాళ్ళ ముచ్చట.

లోటస్ ఎలీస్‌లో రోవర్ ఇంజన్ మార్చేయమంటున్నారు, నిజమా?

తొందరపడొద్దు. 1996లో వచ్చిన మొదటి ఎలీస్ సుమారు 725 కిలోలు, 118 హార్స్‌పవర్ రోవర్ కే సిరీస్. ఇక్కడ కే అంటే హోండా కే కాదు, వేరే, పేర్లు చూసి కంగారు పడకండి. దాని హెడ్ గాస్కెట్ పోతుందనేది నిజమే, ఇంజన్‌లో కూలెంట్ చాలా తక్కువ, చల్లని నీళ్ళు ఒక్కసారిగా వేడి హెడ్డుకి తగిలే ఏర్పాటు. కానీ ఇంజన్ ఈక బరువు, ఆ కారు గీసిందే దాని చుట్టూ. పలుచటి స్టీలు పొరల గాస్కెట్, హెడ్డుని కదలకుండా పట్టే స్టీలు డావెల్స్, థర్మోస్టాట్ చోటు మార్చడం, ఇవి చేసి చక్కగా తిరుగుతున్నవి బోలెడు. పాడయ్యి, హెడ్ మెత్తబడి, బ్లాక్ కూడా పోయిందంటే అప్పుడు హోండా గురించి ఆలోచించండి. ఇంజన్ మధ్యలో ఉండే కార్లలో అడ్డం ఇంజన్ దాని గేర్‌బాక్స్‌తో సహా మొత్తంగా వచ్చేస్తుంది కాబట్టి ఒక రకంగా సుళువే, గేర్ కేబుళ్ళు, హాఫ్ షాఫ్ట్‌ల పొడవు చూసుకుంటే చాలావరకు అయిపోయినట్టే.

వైరింగ్, ఈసీయూ?

ఇక్కడే ప్రాజెక్టులు చచ్చిపోతాయి. ఇంజన్ కొంటే హార్నెస్ (వైర్ల కట్ట), ఈసీయూ, తాళం చెవి, ఇమ్మొబిలైజర్ బాక్సు (సరైన తాళం లేకపోతే స్టార్ట్ కానివ్వనిది), ఎలక్ట్రానిక్ త్రాటిల్ అయితే కాలి పెడల్‌తో సహా ఒకే కారువి తీసుకోండి. తాళం లేని ఈసీయూ అంటే కొన్ని ఇంజన్లకి ఇటుక రాయితో సమానం. ఒకసారి ఒకాయన "వైర్లు ఎక్కడైనా దొరుకుతాయి సార్" అంటే నమ్మి హార్నెస్ కోసేసిన ఇంజన్ కొన్నా, ఒక్కో వైరు రంగు చూసుకుంటూ ఆ శీతాకాలం మొత్తం గడిచిపోయింది. అంత ఓపిక లేకపోతే స్టాండలోన్ ఈసీయూ (ఏ కారుకైనా ట్యూన్ చేసుకునే విడి ఈసీయూ) పెట్టేసి ట్యూనింగ్ తెలిసిన మనిషికి అప్పజెప్పండి.

కార్బురేటర్ కారులో ఇంజెక్షన్ ఇంజన్ వేస్తుంటే పెట్రోల్ సంగతి కూడా మర్చిపోవద్దు. కార్బురేటర్ పంపు ఇచ్చే ప్రెషర్ ఇంజెక్షన్‌కి ఏమూలకీ చాలదు, మామూలుగా మూడు బార్ దాకా కావాలి. అంత ప్రెషర్‌కి పాత రబ్బరు పైపులు పనికిరావు, మార్చాల్సిందే, ఇందులో పొదుపు చేస్తే బండి తగలబడుతుంది.

పడుతుందో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

టేపుతో కొలిస్తే పట్టినట్టే ఉంటుంది, నా కారు బోనెట్ రెండు వేళ్ళ ఎడం మూతపడకుండా ఉండిపోయింది అలా కొలిచే. ఖాళీ బ్లాకు, హెడ్డు, సంప్ మాత్రమే బిగించి లోపల పెట్టి చూడండి, పైన ఎత్తుగా ఉన్నచోట్ల పిల్లలు ఆడుకునే మట్టి ముద్దలు పెట్టి బోనెట్ మెల్లగా మూయండి, తీసి ముద్ద ఎంత నొక్కుకుందో చూడండి. వేలి మందం మిగలకపోతే కష్టం, ఎందుకంటే ఇంజన్ ఊగుతుంది. కింద స్టీరింగ్ రాక్ ఎక్కడుంది, సంప్ లోతు భాగం ముందుందా వెనకుందా, స్టీరింగ్ కడ్డీకి ఎగ్జాస్ట్ తగులుతోందా, ఇవన్నీ వెల్డింగ్ చేసే ముందే చూసుకోవాలి.

చట్టం, ఇన్సూరెన్స్?

మీరుండే చోట ఏ రూలుందో ఇంజన్ కొనకముందే కనుక్కోండి. ఇంజన్ నంబర్ రికార్డులో మార్చాలా, పొగ పరీక్ష కారు ఏడాదిని బట్టా ఇంజన్ ఏడాదిని బట్టా, క్యాటలిస్ట్ ఉండి తీరాలా అని. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకుండా మాత్రం నడపొద్దు.

కొత్త ఇంజన్ మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు?

పెట్రోల్, స్పార్క్ రెండూ ఆపేసి, ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ గేజ్‌లో ముల్లు లేచేదాకా స్టార్టర్‌తో తిప్పండి. ముల్లు లేవకుండా స్టార్ట్ చేయొద్దు, ఎంత ఆత్రంగా ఉన్నా సరే. కొత్త రింగులైతే ఐడిల్‌లో గంటలు గంటలు వదలకుండా రోడ్డెక్కి లోడ్ ఇస్తూ తీస్తూ నడపాలి. ఎంజీబీ లాంటి పాతకాలం ఫ్లాట్ ట్యాపెట్ ఇంజన్‌లో కొత్త క్యామ్ వేస్తే మాత్రం పద్ధతి వేరు, స్టార్ట్ అయిన వెంటనే 2000 ఆర్‌పీఎం పైన ఒక ఇరవై నిమిషాలు పట్టి ఉంచాలి, జింక్ ఎక్కువున్న ఆయిల్ పోయాలి, లేకపోతే క్యామ్ ముక్కులు అక్కడికక్కడే అరిగిపోతాయి.

పాత ఇంజన్ అమ్మేయమంటారా?

కొత్తది కనీసం ఓ వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా వద్దు. అరుదైన కారైతే ఎప్పటికీ వద్దు, కారుతో పుట్టిన నంబరున్న ఇంజన్ మూలన పడున్నా కొనేవాడికి అదే ముఖ్యం. సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి, ప్లగ్గులు బిగించి, కన్నాలన్నీ టేపు వేసి, గుడ్డ కప్పి పెట్టండి, రెండు నెలలకోసారి చేత్తో ఓ పావు రౌండు తిప్పండి. నా 1.6 ఇంకా షెడ్డులోనే ఉంది, దాని పుల్లీకి ఎనిమిది గాళ్ళున్నాయి.